టిక్‌మని ఆగిన కారు: ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు

బుధవారం పొద్దున దోసె ఇంకా పెనం మీదే ఉంది. పులివెందుల నుంచి నస్రీన్ ఫోన్ చేసింది.

"పద్మా, ఈ పొద్దు మా ఊరికి రాగలవా? వచ్చేటప్పుడు జమ్మలమడుగులో దిగి ఒక సామాను తేవాల."

నస్రీన్, నేను ప్రొద్దుటూరులో ఇంటర్ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. పెళ్లయ్యాక ఆమె పులివెందుల వెళ్లింది. వాళ్లాయన కువైట్‌లో ట్రైలర్ నడుపుతాడు. ఆమె ఆడవాళ్లకు మాత్రమే కారు నేర్పే డ్రైవింగ్ స్కూలు పెట్టి మూడేళ్లయింది. స్కూలంటే వాళ్ల ఇంటి ముందరి ఖాళీ స్థలం, ఒక పాత చిన్న కారు. నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి. చిన్నాచితకా రిపేర్లు ఆమే చేసుకుంటుంది. ఆయన సెలవుల్లో వచ్చినప్పుడు పక్కన కూర్చుని నేర్చుకున్నది.

"స్టార్టర్ మోటరు నేనే విప్పి లోపల బ్రష్‌లు మార్చి బిగించినా," అంది. "ఇప్పుడు తాళం తిప్పితే టిక్ అంటాది, అంతే. నా చేతిలో మోటరు పాడైనట్టుంది. జమ్మలమడుగులో మౌలాలి మామ అంగట్లో ఇట్లాంటిదే ఇంకోటుందంట."

"మెకానిక్కును పిలవకూడదా?"

"పిలిచినా. పెండ్లికి పోయినాడు, ఎల్లుండి గానీ రాడు. రేపు పొద్దున్నే ఓబులక్కకు టెస్టు ఉండాది."

ఓబులమ్మ గురించి ఆమె ముందే చెప్పి ఉంది. వేముల దగ్గరి పల్లె, చీనీ (బత్తాయి) తోట. తోటలో నిచ్చెన మీది నుంచి పడి భర్త తుంటి ఎముక విరిగింది. కాయలు తోలే చిన్న వ్యాను ఇంటి ముందు ఊరికే నిలబడి ఉంది. దాన్ని తనే నడపాలని నేర్చుకుంటోంది. నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్లెల్లార్ లైసెన్సు గడువు శుక్రవారంతో అయిపోతుంది. రేపు టెస్టు పోతే మళ్లీ మొదటి నుంచి, కనీసం నెల పడుతుంది. కాయ అప్పటిదాకా చెట్టు మీద ఆగదు.

నేను బ్లౌజులు కుడతాను. ఇవ్వాల్సినవాళ్లకు రెండు రోజులు ఆగమని చెప్పి, ఎనిమిదిన్నరకు బస్టాండు చేరాను. జమ్మలమడుగు బస్సు కదలబోతోంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. ఆడవాళ్లు ఈ దారిన వచ్చేటట్టయితే కార్డు సంచీలో పై అరలోనే పెట్టుకోండి, జనంలో నిలబడి వెతుక్కోవడం కష్టం.

దారికి రెండు వైపులా నల్లరేగడిలో బుడ్డశనగ పైరు పచ్చగా ఉంది. పొద్దుటి ఎండలో ఆ పచ్చదనం చూస్తుంటే కళ్లకు హాయిగా ఉంది. తొమ్మిదిన్నర లోపే జమ్మలమడుగులో దిగాను. బస్టాండు ఎదురుగా ఒక బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఉగ్గానిలో పప్పులపొడి దండిగా వేశారు. ఆ రుచి కోసమే ఇంకోసారి దిగొచ్చు.

మౌలాలి మామ పాత సామాన్ల అంగడి అక్కడికి దగ్గరే. తెల్లగడ్డం, చెవి మీద పెన్సిల్. నస్రీన్ పేరు చెప్పగానే మోటరు బయటికి తీసి, బ్యాటరీకి తగిలించి తిప్పి చూపించాడు. గిర్రున తిరిగింది.

"నీ కండ్ల ముందరే తిప్పినా చూడు తల్లీ. ఇది బాగుండేదే," అన్నాడు. "సరిపోకపోతే తెచ్చియ్యండి, ఇబ్బందేం లేదు." పాత గుడ్డలో చుట్టి ఇచ్చాడు. చంటిబిడ్డంత బరువుంది.

పదిన్నరకు ముద్దనూరు మీదుగా పోయే పులివెందుల బస్సు దొరికింది. మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటులో పంచె కట్టిన ఒక పెద్దాయన దాన్ని చాలాసేపు చూశాడు.

"ఏందమ్మా అది?"

"కారు మోటరు."

"మీ ఆయన తెమ్మన్యాడా?"

"లేదప్పా, నా స్నేహితురాలు తెమ్మంది. ఆమే బిగిస్తుంది. పులివెందులలో ఆడవాళ్లకు కారు నేర్పుతుంది."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. నచ్చలేదేమో అనుకున్నాను. ముద్దనూరు రైలు గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు, గూడ్సు బండి పెట్టెలన్నీ దాటిపోయాక, మళ్లీ నా వైపు తిరిగాడు. "మా కోడలు ఆశా వర్కరు. పల్లెలు తిరగాల. ఆయమ్మకు నేర్పిస్తాదేమో అడుగు," అన్నాడు. నస్రీన్ నంబరు ఆయన ఫోన్‌లో ఎక్కించి ఇచ్చాను.

ముద్దనూరు దాటాక కొంతదూరం గుట్టలు, రాళ్లు. పులివెందుల దగ్గరవుతున్న కొద్దీ అరటి తోటలు మొదలయ్యాయి. గాలే మారిపోయింది. ఒంటిగంటకు ముందే నస్రీన్ ఇంటి వాకిట్లో ఉన్నాను.

ఓబులమ్మ అప్పటికే వచ్చి ఉంది. నలభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి. కారు పక్కన మెట్టు మీద కూర్చుని, బానెట్‌లోకి తొంగి చూస్తూ ఉంది. నస్రీన్ చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ముందు అన్నం తినమంది. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. నేను తినేలోగానే కారు కింద గోనెపట్టా పరుచుకుని దూరింది.

కొత్తగా తెచ్చిన మోటరు బిగించేసరికి మూడు దాటింది. నస్రీన్ సీట్లో కూర్చుని తాళం తిప్పింది.

టిక్.

ఇంకోసారి తిప్పింది. టిక్.

"పోనీలేమ్మా," అంది ఓబులమ్మ చివరికి. "మా ఆయనకు నేను చెప్పుకుంటా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నస్రీన్ మాత్రం విసుక్కోలేదు, కారును తిట్టలేదు. చేతులు కడుక్కుని లోపలికి పోయి ముగ్గురికీ టీ పెట్టుకొచ్చింది. గ్లాసు పట్టుకుని కారు చుట్టూ తిరుగుతూ, మాకు చెబుతున్నట్టూ, తనకు తాను చెప్పుకుంటున్నట్టూ మొదలుపెట్టింది.

"మౌలాలి మామ అంగట్లో ఆ మోటరు తిరిగింది, నువ్వే చూసినావు. ఈడ తిరగల్యా. అంటే తప్పు మోటర్లో లేదు. లైట్లు చూడు, తాళం తిప్పినా మసకబారవు. అంటే బ్యాటరీ బాగుండాది. మధ్యలో యాడనో తెగింది. ఓబులక్కా, నువ్వు ఈ తూరి తాళం తిప్పు. నేను లోపల చూస్తా."

"నేను చూస్తాలే, నువ్వే తిప్పు," అంది ఓబులమ్మ. బానెట్ మీద వంగి నిలబడింది. నస్రీన్ తాళం తిప్పి పట్టుకుంది. అదే టిక్. ఓబులమ్మ సర్దుకుని నిలబడబోయి లోపల దేన్నో ఆనుకుంది, వెంటనే చెయ్యి లాక్కుంది.

"ఈ వైరేంది ఇట్ల కాల్తాంది?"

"ఏ వైరు?"

చూపించింది. క్లచ్చు పెడల్ నుంచి గేర్‌బాక్సు దాకా పోయే వైరు. కాలితో తొక్కితే లాగే ఇనుప తీగ, అంతే. కరెంటుకూ దానికీ సంబంధం లేదు. నస్రీన్ వేలితో తాకి చూసింది.

"దీంట్లో కరెంటు పోతాంది," అంది నెమ్మదిగా. "మోటరు దాకా పోయిన కరెంటు మళ్లీ బ్యాటరీకి రావాల. వచ్చే దావ మూసకపోయింటే, దొరికిన ఇనుమును పట్టుకుని వస్తాది. ఇంత సన్న తీగలో వస్తే మోటరు తిరిగే బలం యాడుంటాది?"

టార్చి వేసి లోపలికి వంగింది. గేర్‌బాక్సు నుంచి కారు బాడీకి, కరెంటు తిరిగి వచ్చేందుకు, ఒక ఎర్తు వైరు ఉంటుంది. అది బోల్టుతో బిగించిన చోట ఇనుము కొత్తగా, నల్లగా మెరుస్తోంది. మోటరు విప్పినప్పుడు అక్కడంతా తుప్పు కనిపిస్తే, ఉప్పుకాగితంతో గీకి, చక్కగా నల్లరంగు వేసిందట. రంగు ఆరాక దాని మీదే వైరు పెట్టి బిగించింది.

"రంగులో కరెంటు పోదు," అంది. "దావ మూసింది నేనే."

నమ్మకం కుదరాలి కదా అని, జంపర్ కేబుల్ తెచ్చి ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజను ఇనుముకు తగిలించింది. తాళం తిప్పింది. ఇంజను ఒక్క గుక్కలో అందుకుంది. ఓబులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, చెమటో ఏమో.

బోల్టు విప్పి, రంగంతా తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకి, వైరు మళ్లీ బిగించింది. కేబుల్ లేకుండానే స్టార్టయింది. ఇక అయిపోయిందనుకుని నేను చెప్పులు వేసుకుంటున్నాను. నస్రీన్ మళ్లీ గోనెపట్టా పరుస్తోంది.

"ఇప్పుడేంది?"

"ఈ మోటరు తీసి నాది బిగిస్తా. నేను చేసిన పని బాగుండాదో లేదో తెలియాల కదా."

"రేపు టెస్టు పెట్టుకుని మళ్లీ విప్పుతావా?"

"గంట పని. పొద్దుండాది."

నేనైతే దాని జోలికి పోయేదాన్ని కాదు. పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినపడక ముందే ఆమె బ్రష్‌లు మార్చిన మోటరే కారును లేపింది. ఆమె మొహంలో సంతోషం అప్పుడు చూశాను.

సాయంత్రం క్లాసుకు నలుగురు వచ్చారు. నస్రీన్ వాళ్లందరినీ బానెట్ దగ్గరికి పిలిచి, ఎర్తు వైరు విప్పి, గీకిన చోటు చూపించింది. "బోల్టు కింద రంగేసినా. ఈ పొద్దంతా బండి కదలల్యా. తప్పు నాదే. మీ ఇండ్లల్లో మీరు చేయొద్దండి," అంది. టీచరన్న బింకం లేదు. వాళ్లు కూడా నవ్వకుండా, ఒక్కొక్కరూ వంగి, ఆ బోల్టును తాకి చూశారు.

రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. ఎవరూ తెలియనివాళ్లకు బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలున్నాయి.

గురువారం పదిగంటలకు బ్రేకిన్‌స్పెక్టరు ఆఫీసు మైదానం. ఓబులమ్మ ఎనిమిది అంకె తిప్పింది, వెనక్కి తీసింది. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించేటప్పుడు ఇంజను ఆగిపోయింది. నస్రీన్ నా చెయ్యి పట్టుకుంది. లోపల ఓబులమ్మ తొందరపడలేదు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు తీసి, తాళం తిప్పింది. బండి లేచింది. జారకుండా ఎత్తు ఎక్కింది. ఇన్‌స్పెక్టర్ తలూపి, తర్వాతివాళ్లను పిలిచాడు.

ఆమె దిగివచ్చి నీళ్లు తాగి, ఇంటికి ఫోన్ చేసింది. "వ్యాను మీది పట్టా తీసెయ్యండి. లైసెన్సు కార్డు రాంగానే నేను తోల్తా." ఫోన్ పెట్టేసి నస్రీన్ చెయ్యి పట్టుకుంది. కాసేపు వదల్లేదు.

పన్నెండున్నరకు జమ్మలమడుగు బస్సు ఎక్కాను. నస్రీన్ బస్టాండుకు రాలేదు, ఆమెకు తర్వాతి క్లాసు ఉంది. ఈ రెండు రోజుల్లో నేను కోటలు చూడలేదు, గుళ్లు చూడలేదు. ఒక మనిషి తను చేసిన పొరపాటును తనే వెతికి, తనే సరిచేసి, నలుగురికీ చూపించడం చూశాను. అంతదూరం పోయినందుకు అది చాలనిపించింది.

ఊరి చివర బస్సు నెమ్మదించింది. ముందు ఎల్ బోర్డు కారు ఒకటి రోడ్డు మధ్యలో నత్తలా పోతోంది. నస్రీన్ కారే. వెనక అద్దంలో నుంచి స్టీరింగ్ దగ్గర ఒక గులాబీరంగు స్కార్ఫు కనిపించింది. బస్సులో వెనక సీట్లోంచి ఎవరో, "హారన్ కొట్టప్పా," అన్నారు.

డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీశాడు.

"కొడితే బెదురుతాది. నేర్చుకోనీ," అని, అరటి తోటల మలుపు దాకా బస్సును ఆ కారు వెనకే పోనిచ్చాడు.