దొరసాని తల ఊపితేనే

టైలరమ్మ సాధించిన మొట్టమొదటి ఘనవిజయం ఏమిటంటే, దొరసాని ఆమె చేతిలోని క్యారెట్ తిని చెయ్యి వదిలెయ్యడం. అంతకుముందు ఆ గుర్రం రెంటికీ పెద్ద తేడా చూపించేది కాదు. ఆ రోజు ఆమె వీధి వీధంతా తిరిగి పది వేళ్ళూ చూపించింది. "చూడండి, ఇవాళ కొత్త కట్టు ఒక్కటీ లేదు."

ఆమెకున్న పిచ్చి ఒక్కటే. గుర్రాన్ని అడగందే ఏ పనీ చెయ్యదు. ఒళ్ళు రుద్దాలన్నా, గిట్టలు శుభ్రం చెయ్యాలన్నా, జీను వెయ్యాలన్నా ఎదురుగా నిలబడి "చెయ్యమంటారా అండీ?" అని అడుగుతుంది. తల ఊపితే సరే. చెవులు వెనక్కి వాలిస్తే వద్దని. వెనక్కి తిరిగి తోక చూపిస్తే ఆలోచించుకుంటానని. ఆ ఆలోచన ఒక్కోసారి మధ్యాహ్నం దాకా సాగేది.

కుట్టుమిషన్ చప్పుడుకి గుర్రం బెదురుతోందని మిషన్నే తీసుకెళ్ళి దాని షెడ్డులో పెట్టింది. అలవాటు పడాలిగా మరి. దాంతో కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు గడ్డి మీద నిలబడాల్సి వచ్చేది. ఒకసారి దొరసాని ఓ పెద్దమనిషి చొక్కా కాలరు నమిలేసింది. ఆయన గొడవకొచ్చాడు.

"ఏమ్మా, ఇదేం పని?"

"ఆవిడకి ఆ మోడలు నచ్చలేదండీ. నాకూ నచ్చలేదు. నేను మొహమాటపడి కుట్టాను, ఆవిడకి మొహమాటం లేదు."

ఇంట్లో ఆమెకు తోడు అన్నయ్య ఒక్కడే. సిటీ బస్సు నడిపి రిటైరైన డ్రైవరుగారు. పెరట్లో కాలు జారి మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడు. మోకాలు బాగుపడింది, నడవమని డాక్టరూ చెప్పాడు. అయినా కిటికీ పక్క కుర్చీ వదల్లేదు. గేటు దాకా వెళ్ళేవాడు, వీధి వైపు ఓ చూపు చూసేవాడు, వెనక్కి వచ్చేసేవాడు. ఎవరైనా అడిగితే "మోకాలు" అనేవాడు. దాని పేరు భయమని తెలిసినా టైలరమ్మ అనలేదు.

సరిగ్గా అప్పుడే దొరసాని కూడా గేటు దగ్గర మొరాయించడం మొదలెట్టింది. టైలరమ్మ జీను మీద కూర్చుని గేటు దాకా వస్తుంది, గుర్రం టక్కున ఆగిపోతుంది.

"అన్నయ్యా, ముందు నువ్వు నడిస్తేనే వస్తానంటున్నారు."

"గుర్రం చెప్పిందా?"

"చెవులతో చెప్పారు. నామీద నీకు నమ్మకం లేకపోతే నువ్వే అడుగు."

గుర్రాన్ని అడగడం తన హోదాకి తక్కువని డ్రైవరుగారు కర్ర పట్టుకుని గేటు దాటాడు. వెనకాలే గిట్టల చప్పుడు. మొదటి రోజు ఇస్త్రీ బండి దాకా. తర్వాత మందుల షాపు దాకా. ఆ తర్వాత వంతెన దాకా. నెల తిరిగేసరికి ఆయన నడక మారిపోయింది. కర్ర నేలకి ఆనడం మానేసి గాల్లో ఊగుతూ ట్రాఫిక్కుని ఆపుతోంది. టీ కొట్లో కూర్చుని చెప్పేవాడు. "మా చెల్లెలు గొప్పదే, కాదనను. కానీ ఆ గుర్రం నమ్మింది నన్ను."

ఇంతలో దూరపు ఊరి గుర్రపుస్వారీ స్కూలు నుంచి కబురొచ్చింది. వాళ్ళ దగ్గర మనుషుల్ని దగ్గరికి రానివ్వని గుర్రాలున్నాయి. మూడు నెలలుండి మచ్చిక చేసిపెట్టే మనిషి కావాలి. టైలరమ్మ చిన్నప్పటినుంచీ కలలు కన్న పని అది. అక్కడి కోచ్ మేడమ్ స్వయంగా చూడ్డానికి వస్తానంది.

ఆ ఉదయం డ్రైవరుగారు ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని, చెల్లెలి కంటే ముందే గేటు దగ్గర తయారు. ఆయన ముందు, దొరసాని వెనక, ఆ వెనక మేడమ్. మేడల మీంచి జనం చూస్తున్నారు. మైదానం చేరాక టైలరమ్మ వంగి జూలు నిమిరి "వెళ్దామా అండీ?" అంది. దొరసాని తల ఊపింది. అంతే, దౌడు. దుమ్ము లేచింది, జడ లేచింది, డ్రైవరుగారి కర్ర ఎక్కడ పడిపోయిందో ఆయనకే తెలీదు. "అదీ, అదీ మా చెల్లెలు" అంటూ ఆయనా పక్కన నాలుగడుగులు పరుగెత్తాడు.

మేడమ్ ముఖం వెలిగింది. అంతలోనే అనుమానం వచ్చింది. "అంతా బావుంది. కానీ మీ అన్నయ్యగారు ముందు నడవకపోతే గేటే దాటదంటగా. సొంత గుర్రమే అలా అయితే మా గుర్రాల్ని ఎలా అప్పగించను?"

టైలరమ్మ నోరు తెరిచింది. అన్నయ్య వైపు చూసింది. నోరు మూసేసింది. చేతికొచ్చిన పని జారిపోతోందని తెలిసీ, జీను పట్టీ సర్దుకుంటూ నిలబడింది.

అప్పుడే పాలవాడు సైకిలాపాడు. "ఏం టైలరమ్మా, ఇవాళ ఇంతాలస్యం? రోజూ చీకటితోనే వచ్చి, ఒక్కదానివే ఇక్కడ దౌడు తీయించి పోతావుగా."

డ్రైవరుగారికి గేటు దగ్గర పగ్గాలు పట్టుకున్న చెల్లెలి వేళ్ళు గుర్తొచ్చాయి. రోజూ బిగించే ఉండేవి. జీవితమంతా బస్సు నడిపినవాడు, ఇంజను మొరాయించిందో డ్రైవరు బ్రేకు తొక్కాడో పోల్చుకోలేకపోయాడు.

మేడమ్ వైపు తిరిగాడు. "నిజమే మేడమ్. గుర్రం ఒంటరిగానే వస్తుంది. పొద్దున నేను ముందు నడవడమంటారా, అది నా సరదా. మా చెల్లెలేమో నా సరదా కాదనలేదు."

మేడమ్ నవ్వేసింది. పని ఖాయమైంది.

ఇంటికొచ్చేదాకా డ్రైవరుగారు ముందే నడిచాడు, వెనక్కి తిరగలేదు. గేటు దగ్గర ఆగాడు.

"గడ్డి వెయ్యాలన్నా గుర్రాన్ని అడుగుతావు. నన్ను మాత్రం ఒక్క ముక్క అడగలేదేం?"

"నడుస్తావా అని అడిగితే ఒప్పుకునేవాడివా?"

ఆయన కాసేపు ఆలోచించి, అటు తిరిగి వీపు చూపించాడు.

"అదిగో, అందుకే" అంది టైలరమ్మ. "ఆవిడ చేత అడిగించాను."

ఆమె వెళ్ళి వారమైంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే డ్రైవరుగారు గుర్రాన్ని వంతెన దాటించి తీసుకెళ్తున్నాడు. షెడ్డు ముందు నిలబడి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, "వెళ్దామాండీ?" అని అడగడం పాలవాడు చూశాడు. తిరుగు ప్రయాణం టిక్కెట్టు కూడా ఆ తేదీకి దొరసాని తల ఊపాకే కొన్నారు. టైలరమ్మ వచ్చేది మార్చి పద్నాలుగున.