ఎదురుగా ఉన్న చర్చి

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన నేను తెరచాప పట్టడం నేర్చుకున్నది హుస్సేన్ సాగర్‌లో. అక్కడ పడవ పక్కన నీళ్లు ఎంత జోరుగా ఉరికితే అంత ముందుకు పోతున్నట్టే లెక్క. కాకినాడ నుంచి దక్షిణానికి పది పడవలు కలిసి సాగిన యాత్రలోనూ ఆ లెక్కనే నమ్ముకున్నాం.

"జెర చూడు, నీళ్లు ఎట్ల ఉరుకుతున్నయో! మనమే ఫస్ట్ పోతం," అన్నాడు నా పడవలోని బన్సీలాల్‌పేట్ దోస్తు.

మధ్యాహ్నం ఒడ్డుకేసి చూస్తే, పొద్దున ఎదురుగా ఉన్న తెల్ల చర్చే ఇంకా ఎదురుగా ఉంది. మిగతా పడవలు ఒడ్డువార పట్టుకుని ఎప్పుడో వెళ్లిపోయాయి. గాలి ముందుకు తోసినంత, ఒడ్డు దగ్గర అంతగా లేని సముద్రపు ప్రవాహం ఇక్కడ మమ్మల్ని వెనక్కి లాగుతోంది. చెరువు చదువు మరి!

చాప దించితే వెనక్కి కొట్టుకుపోతాం. అందుకని సాయంత్రం దాకా, ఉన్నచోటే ఉండడం కోసం, చేతులు బొబ్బలెక్కేలా తాళ్లు లాగాం.