ఎడమవైపు బకిల్

2023 ఫిబ్రవరి. ఐర్లండ్‌లో డ్రోహెడా ఊరి దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా నాకు ఆరో ఏడు నడుస్తోంది. కేరర్ అంటే నర్సు కాదు, మందులు ఇవ్వం. లేపడం, కడగడం, బట్టలు తొడగడం, తినిపించడం, మళ్ళీ పడుకోబెట్టడం మా పని. పన్నెండు గంటల షిఫ్టు అయ్యాక ఎవరికి ఏం చేశామో కేర్ నోట్స్‌లో రాయాలి. నేను నలభై దాటాక చర్చిలో సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. మనుషుల్ని ఎత్తడం కంటే చివర రాసే ఆ నాలుగు వాక్యాలే నాకు బరువుగా ఉండేవి.

ఆ చలికాలం నా వంతుకు డెనిస్ వచ్చారు. ఎనభై దాటిన మనిషి. స్ట్రోక్ వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కొంచెం మొద్దుబారింది కానీ తెలివి చెక్కుచెదరలేదు. పక్షవాతం వచ్చినవాళ్ళకు బట్టలు తొడగడానికి ‘వీక్ సైడ్ ఫస్ట్’ అని ఒక పద్ధతి ఉంది. తొడిగేటప్పుడు పడిపోయిన వైపు ముందు, విప్పేటప్పుడు బాగున్న వైపు ముందు. అంత జాగ్రత్తగా చేసినా ఆయనకు ప్యాంటు ఎక్కించడం ఇద్దరి పని. సగంలో ఎడమ చేత్తో మమ్మల్ని తోసేసేవారు. హాస్పిటల్ గౌను వేస్తే, “నేను ఆడదాన్ని కాను” అని దుప్పటి మెడదాకా లాక్కునేవారు. వచ్చిన దగ్గర్నుంచి ఆయన గది దాటి బయటికి రాలేదు.

ఒకరోజు మొహం తుడుస్తుంటే అడిగారు. “మిస్సిస్, నా కిల్ట్ తెప్పించగలవా? వచ్చే నెల సెయింట్ పాట్రిక్స్ డే పండుగ ఊరేగింపులో మా బ్యాండ్ ఈ గేటు ముందునుంచే వెళ్తుంది. గేటు దగ్గర కూర్చుంటాను. కానీ ఈ పైజమాలో కాదు.”

ఆయన ముప్పై ఏళ్ళు పైప్ బ్యాండ్‌లో, అంటే తిత్తిలోకి గాలి ఊది వాయించే బ్యాగ్‌పైప్స్ మేళంలో, వాయించారట. కిల్ట్ అంటే నడుముకు చుట్టుకునే ఉన్ని బట్ట, మోకాళ్ళ దాకా ఉంటుంది, వెనకంతా కుచ్చిళ్ళు. మామూలు రోజుల్లో ఇక్కడ ఎవరూ వేసుకోరు, బ్యాండువాళ్ళే వేసుకుంటారు. “స్కాట్లాండ్ వాళ్ళది గళ్ళది, మాది ఒకటే రంగు, సాఫ్రన్” అని గర్వంగా చెప్పారు, అంటే కుంకుమపువ్వు రంగు. దానిలో కాళ్ళు దూర్చనక్కర్లేదు కదా, నాకూ పని తేలికవుతుందని సంతోషపడ్డాను.

ఆయన కూతురు నోరా. అరవైకి దగ్గరలో ఉంటుంది. ప్రతి ఆదివారం వచ్చేది, వచ్చినప్పుడల్లా కొత్త ట్రాక్‌సూట్ తెచ్చేది. కిల్ట్ అడిగితే “మర్చిపోయాను” అనేది. మూడో ఆదివారం కూడా మర్చిపోయానంటే వరండాలో పట్టుకుని అడిగాను.

“మర్చిపోలేదు” అంది నోరా. “పద్నాలుగేళ్ళప్పుడు నేనూ పైప్స్ నేర్చుకుంటానన్నాను. కిల్ట్ మగవాళ్ళ బట్ట, ఆడపిల్ల వేసుకుంటే అది ఉత్త స్కర్ట్ అన్నాడు నాన్న. బ్యాండ్ అంతా నవ్వింది. ఇప్పుడు దాన్ని నా చేతులతో తెచ్చి ఆయనకు కట్టాలా?”

అప్పటికి పది గంటలుగా నిలబడి ఉన్నాను. “మీ ఇష్టం” అన్నాను. “కానీ ఆయన మంచం దిగడం లేదు. ఇలాగే ఉంటే వీపు మీద పుండ్లు పడతాయి.”

మరుసటి ఆదివారం తెచ్చింది. మంచం మీద పడేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

చిక్కు అక్కడే మొదలైంది. మగవాళ్ళ కిల్ట్ పైమడత ముందునుంచి కుడివైపుకు వచ్చి, కుడి తుంటి దగ్గర బకిల్ పడుతుంది. ఆయనకు పడిపోయిందే కుడి చేయి. పట్టీ నేను పెడతానన్నాను.

“వద్దు. నా నడుము పట్టీ నేనే పెట్టుకుంటా.”

ఎడమ చేయి పొట్ట మీదుగా చాచి ప్రయత్నించారు. తోలు పట్టీ వేళ్ళలోంచి జారిపోయింది. మళ్ళీ, మళ్ళీ. చెమట పట్టింది. చూడలేక అన్నాను, “డెనిస్, నేను ఇండియాలో జాకెట్లు కుట్టేదాన్ని. పట్టీలు విప్పి వైపు మారుస్తాను. బకిల్ ఎడమవైపు వస్తుంది, మీరే పెట్టుకోవచ్చు.”

“ఎడమవైపా?” ఆయన మొహం ఎర్రబడింది. “అది ఆడవాళ్ళ వైపు!”

కిటికీ దగ్గర నోరా గట్టిగా నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. “అంటే ఆడవాళ్ళకీ ఒక వైపు ఉందన్నమాట. నాతో ఎప్పుడూ చెప్పలేదే నాన్నా!”

నోరా బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఆయన కిల్ట్ ఊసెత్తలేదు, అన్నం కూడా సరిగ్గా తినలేదు. మూడో రోజు గడ్డం గీస్తుంటే అడిగారు. “మిస్సిస్, నువ్వు నాకు పట్టీ పెట్టడం, ఆడవాళ్ళ వైపు నేను పెట్టుకోవడం. ఏది తక్కువ సిగ్గు?”

“మా ఊళ్ళో మగాళ్ళు పంచె కడతారు. కుచ్చిళ్ళు వాళ్ళే పోసుకుంటారు, వాళ్ళే దోపుకుంటారు. ఇంకొకరి చేత కట్టించుకునేది పెళ్ళినాడొక్కటే.”

“నా పెళ్ళి అయిపోయింది” అన్నారు. నవ్వుకు ఆయన మూతి రెండు వైపులా కదలడం నేను చూసింది అదే మొదటిసారి. “మార్చెయ్.”

బ్రేక్‌రూమ్‌లో కూర్చుని కుట్లు విప్పుతుంటే సునీత వచ్చింది. ఖమ్మం అమ్మాయి, నాతోపాటే కేరర్.

“ఏందక్కా, తాతకు లంగా కుడుతున్నవా?”

“లంగా కాదే, కిల్టు.”

“కుచ్చిళ్ళున్నయి, పక్కకు పట్టీ ఉన్నది. లంగా కాకుంటే ఏంది? రంగు జూస్తే సాములు కట్టుకునేదానిలెక్క ఉన్నది.”

“ఆ మాట ఆయన ముందు అను, ఎడమ చేయి ఎంత గట్టిదో తెలుస్తుంది.”

“ఎర్కే. పోయిన వారం నా కళ్ళద్దాలు ఎగిరిపడ్డయి” అని నవ్వి, సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. ఆ వేళకు నా కళ్ళు మసకబారతాయని దానికి తెలుసు.

సెయింట్ పాట్రిక్స్ డే పొద్దున సన్నటి వాన. వీల్‌చెయిర్‌లో కిల్ట్ పరిచి, కుచ్చిళ్ళు చేత్తో సాపు చేసి, సునీతా నేనూ ఆయన్ని దాని మీద కూర్చోబెట్టాం. కుచ్చిళ్ళు మందంగా ఉంటాయి కాబట్టి వాటి మీద ఎక్కువసేపు కూర్చుంటే చర్మం కమిలి పుండు పడుతుంది. “ఒక్క గంట, అంతే” అని నర్సు షీబా ముందే చెప్పింది. లోపలి పట్టీ నేను పెట్టాను. పైది ఆయన చేతికి ఇచ్చి తప్పుకున్నాను. పక్క గదిలో ఎవరో సాయానికి నొక్కిన బెల్లు మోగుతూనే ఉంది. సునీతను పంపి నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. రెండుసార్లు జారింది. మూడోసారి తోలు పట్టీ బకిల్లో దూరింది.

“గ్రాండ్” అన్నారాయన. ఇక్కడివాళ్ళు బాగున్నా బాగాలేకపోయినా ఆ మాటే అంటారు. ఆ రోజు మాత్రం బాగుండే అన్నారు.

గేటు దగ్గరికి నోరా వచ్చింది. వస్తుందనుకోలేదు. బ్యాండ్ మలుపు తిరిగింది. ముందు వరసలో ముగ్గురు అమ్మాయిలు, అదే సాఫ్రన్ కిల్ట్. ఆయన చాలాసేపు చూశారు.

“వాళ్ళకి బకిల్ కుడివైపే ఉంది” అన్నారు.

“అవును నాన్నా. ఇప్పుడు బ్యాండ్‌లో అందరికీ ఒకటే వైపు. ఈ ఊళ్ళో ఆడవాళ్ళ వైపు కట్టుకున్నది నువ్వొక్కడివే.”

“కుట్టింది మిస్సిస్. ఆమెనడుగు.”

నోరా ఈసారి నిజంగా నవ్వింది. బ్యాండ్ దాటిపోయాక ఆయన అన్నారు. “నీకు పద్నాలుగేళ్ళప్పుడు...” అని ఆగారు. ఆమె వంగి ఎదురుచూసింది. “చలిగా ఉంది” అన్నారాయన. “లోపలికి పదండి.”

గంట కూడా అయిపోవచ్చింది. కుర్చీ నేను తోశాను. నోరా వాన పడకుండా ఆయన మోకాళ్ళ మీద తన కోటు కప్పింది.

ఆ తర్వాత వాతావరణం బాగున్న ఆదివారాలు అలాగే తయారై గేటుదాకా వచ్చేవారు. అక్టోబర్‌లో పోయారు. కొన్నాళ్ళకు నోరా కిల్ట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నడుము కొంచెం వదులు చేయాలంది.

“బకిల్ కుడివైపుకి మార్చనా? బ్యాండ్‌లో అందరికీ అటే కదా.”

“బ్యాండ్‌లో చేరడానికి నాకిప్పుడు ఊపిరెక్కడిది? ఇంట్లో వేసుకుంటా, అంతే” అంది. బకిల్ మీద వేలు పెట్టి చూసింది. “ఉండనివ్వండి. నాన్న పెట్టుకున్న వైపే.”

కొత్తగా చేరిన కేరర్లు పని నేర్చుకుంటూ నా వెనక తిరిగేటప్పుడు ఇప్పుడు ఒక్కటే చెబుతాను. బట్టలు మనమే తొడుగుతాం, తప్పదు. కానీ చివరి బొత్తామో, పట్టీయో, జిప్పో, వాళ్ళ చెయ్యి అందే వైపు పెట్టి వాళ్ళకు వదిలేయండి. ఆ వైపు ఎవరిదని అడగొద్దు. చెబుతాను కానీ, పొద్దున ఎనిమిది మందిని టిఫిన్ వేళకి తయారు చేయాలి. బెల్లు మోగుతూనే ఉంటుంది. చాలా రోజులు ఆ బొత్తాం కూడా నేనే పెట్టేసి పక్క గదికి పరిగెడతాను. పెట్టేశాక గుర్తొస్తుంది.