ఫొటోలో మూడో మనిషి

మా చిన్నప్పుడు... చిక్కడపల్లి సందులో మేం ముగ్గురం భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డాం. నాన్న కెమెరా కంటికి ఆనించుకున్నారో లేదో, అరుగు మీద నుంచి మా మామ్మ కేక...

"ఓసి మీ దుంప తెగా! ముగ్గురు ఫొటో దిగకూడదే! ఒకళ్లకి ఆయుష్షు తగ్గుతుంది. ఎవరో ఒకళ్లు పక్కకి రండి!"

ముగ్గురంటే నేను, విజయ, సుగుణ. నేనూ విజయా గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వాళ్ల పిల్లలం. సుగుణ ఇక్కడి పిల్లే... వాళ్ల ఇల్లు అశోక్ నగర్‌లో.

మామ్మ మాటకి మేమిద్దరం భుజాల మీద చేతులు తీసేశాం. సుగుణ మాత్రం పకపకా నవ్వేసింది. "మీరు నిలబడుండ్రే, నేను తీస్త. నాకు గా టిక్కుమనుడే మస్తనిపిస్తది," అంటూ నాన్న దగ్గరికి ఉరికింది. నాన్న కూడా నవ్వి కెమెరా దాని చేతికిచ్చారు.

అంతే... ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అదే.

ఆదివారం వస్తే నాన్నని బతిమాలి ఆ రీలు కెమెరా తెచ్చుకుని ఊరి మీద పడేవాళ్లం. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో టమాటా గుట్టల పక్కన ఒకటి... నారాయణగూడలో ఇరానీ హోటల్ ముందు, లోపలికి వెళ్లే ధైర్యం లేక బయటే ఒకటి... అశోక్ నగర్‌లో సుగుణ వాళ్ల ఇంటి వరండా చెక్క జాఫ్రీ దగ్గర ఒకటి. "నవ్వుండ్రే, ఏడుపు మొకాలు వెట్టకుండ్రి!" అని అరిచేది. రీలు అయిపోతుందేమోనని మాకు ఒకటే భయం. దానికి ఏ భయమూ ఉండేది కాదు. దాని చేతిలోంచి కెమెరా తీసుకుని దాన్నీ ఒకటి తీయాలని మాకెప్పుడూ తోచలేదు.

ఒకసారి సుల్తాన్ బజార్‌లో కడిగించిన రీలు మొత్తం పాడైపోయి వచ్చింది. ప్రతి ఫొటోలో ఒక మూల ఎర్రటి మరక! నాన్న స్టూడియో ఆయనతో పెద్ద గొడవే పెట్టుకున్నారు. "రీల్ల వెలుతురు వడ్డది సార్, నేనేం జేస్త!" అన్నాడాయన. పారేయడానికి మనసొప్పక అమ్మ వాటిని ఆల్బం చివర దోపింది.

పోయిన ఏడాది సుగుణ చనిపోయింది. జ్వరమని తన కాళ్లతో తను ఆసుపత్రికి నడిచి వెళ్లిన మనిషి... మళ్లీ ఇంటికి రాలేదు.

దినాల రోజున వాళ్లమ్మ మా ఇద్దరి చేతులూ పట్టుకుంది. మేం పెద్దమ్మా అని పిలుస్తాం ఆవిడని. "పెండ్లి ఫొటోలున్నయి బిడ్డా... చిన్నప్పటిది ఒక్కటన్న లేదు. మా ఇంట్ల కెమెరా యాడిది? మీరు గప్పుడు గన్ని తీసుకుంటిరి గదా... నా బిడ్డది ఒక్కటియ్యుండ్రి."

ఇంటికొచ్చి ఆల్బం ముందేసుకున్నాను. నేను, విజయ. నేను, విజయ. మళ్లీ నేను, విజయ. సుగుణ ఒక్కదాంట్లోనూ లేదు. ఎప్పుడో పోయిన మామ్మ మీద కోపం ముంచుకొచ్చింది. ముగ్గురం దిగలేదు కదే మామ్మా... అయినా పోయింది కదే! నీ శాస్త్రం తగలెయ్య!

ఏం చెయ్యాలో తోచలేదు. కనీసం అది నిలబడి ఫొటోలు తీసిన చోట్లయినా పెద్దమ్మకి చూపిద్దామని, ఒక ఆదివారం విజయా నేనూ ఫోన్లు పట్టుకుని బయల్దేరాం.

ఏం మిగిలిందని... మా సందులో అరుగులు లేవు. ఇరానీ హోటల్ ఉన్న చోట చెప్పుల షోరూం. మెయిన్ రోడ్డంతా మెట్రో స్తంభాల నీడ. అశోక్ నగర్ నిండా హాస్టళ్లు, కోచింగ్ బోర్డులు, జిరాక్స్ షాపులు. సుగుణ వాళ్ల ఇల్లూ అపార్ట్‌మెంట్ అయింది. అందులోనే రెండో అంతస్తులో పెద్దమ్మకో ఫ్లాట్. ఒకప్పుడు జాఫ్రీ ఉన్న చోట ఇప్పుడు బైకులు పెడుతున్నారు.

అక్కడే నిలబడి, పుస్తకాల సంచితో వెళ్తున్న ఒకమ్మాయికి ఫోనిచ్చి ఫొటో తీయమన్నాం. ఆ పిల్ల ఫోన్లోకి చూసి, "జర దగ్గరికి జరుగుండ్రి అక్కా... నడుమ మస్తు జాగ ఉంది," అంది.

విజయ నా వైపు చూసింది. ఇద్దరం కదల్లేదు. ఆ పిల్ల అలాగే తీసిచ్చి వెళ్లిపోయింది.

పైకి వెళ్లి ఫోన్ చూపిస్తే పెద్దమ్మ పైపైన చూసి పక్కన పెట్టేసింది. ఉత్త రోడ్లు ఆవిడకెందుకు? నా సంచిలోంచి విజయ మా ఆల్బం కూడా తీసింది. "అది తీసినవే పెద్దమ్మా ఇవన్నీ..." అంటూ ఆవిడ ఒళ్లో పెట్టింది. పెద్దమ్మ ఒక్కో పేజీ తిప్పుతూ మా మొహాలు దాటేసుకుంటూ పోతోంది. నాకు తల ఎత్తాలనిపించలేదు.

చివర్న ఆ పాడైపోయిన ఫొటోల దగ్గర ఆగింది. కళ్లజోడు సర్దుకుంది.

"గిదేంది?"

"అవి పాడైపోయాయి పెద్దమ్మా. రీల్లో వెలుతురు పడిందట..."

"వెలుతురు గాదు బిడ్డా." ఒక ఫొటో బయటికి లాగింది. "మైదాకు. ఆషాఢంల నేను వెట్టిన మైదాకు. నా బిడ్డ వేలు అడ్డం వచ్చింది, సూడు..."

గోరింటాకు! కెమెరా అద్దానికి అడ్డం వచ్చిన ఎర్రటి వేలి కొస... ఇన్నేళ్లూ మా ఇంట్లోనే ఉంది. మరక అనుకున్నాం. పెద్దమ్మ ఆ ఎరుపు మీద తన వేలు ఆనించి, చాలాసేపు తియ్యలేదు. వచ్చేటప్పుడు ఆ ఫొటోలన్నీ ఆవిడకే ఇచ్చేశాం.

ఇప్పుడు ఫోన్ల నిండా ఫొటోలే... చెయ్యి చాపితే చాలు, పది మంది పడతారు. ఎవరినీ పక్కకి రమ్మనే మామ్మలు లేరు. మాకే... మధ్యలో నిలబెట్టుకోవడానికి మనిషి లేదు.

మీ ఆల్బంలో కూడా అందరినీ తీసి, తను మాత్రం పడని మనిషి ఉండే ఉంటారు. వాళ్ల పేరు ఒక్కటి కింద రాయండి...

మా మనిషి పేరు సుగుణ.