పిల్లలకు కనిపించని ఎలుగుబంటి

మా అమ్మకు కూడా ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. ఒకసారి నేను కథ చదివి గదినిండా పిల్లల్ని ఏడిపించాను. కథ గొప్పతనం వల్ల కాదు. పూర్తిగా విన్నాకే నవ్వండి.

మా రాయగడ రైల్వే కాలనీ లైబ్రరీ చూసుకునే పార్వతి పిన్ని, అడవి జంతువుల బొమ్మల పుస్తకాలకు ఒక మూల కేటాయించింది. పిల్లలెవరూ రావడం లేదు, అక్కడ క్యారమ్ బోర్డు వేస్తామని కమిటీ పెద్దలు పట్టుబట్టారు. ఒక్క ఆదివారం గడువిమ్మని బతిమాలుకుని, కథ చదవడానికి పిన్ని నన్ను పిలిచింది. నన్ను! కొట్లో పంచదార అడగాలన్నా ఇంట్లో సాధన చేసుకుని వెళ్లేదాన్ని.

అడవి కొట్టేయడంతో గూడు పోగొట్టుకున్న ఎలుగుబంటి పిల్ల కథ అది. ఆ ఆదివారం చాప మీద కూర్చున్న పిల్లల కళ్లన్నీ నా మీద పడేసరికి పుస్తకాన్ని తలుపులా ముఖానికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టాను. ఒంటరిగా చదువుకునేదాన్ని, పుస్తకానికి అవతల కూడా మనుషులుంటారని నాకేం తెలుసు?

“అక్కా, ఎలుగుబంటేది?” అన్నాడొకడు.

తల ఎత్తకుండానే గొంతులో విషాదం నింపాను. “అడివి కొట్టేసేరు గదా. ఇంకెక్కడుంటాది?”

“మరి ఆ బోనులో ఏటుందక్కా?” అంది ముందు కూర్చున్న పాప.

కథలో బోను లేదు. పాప ఊహకు అడ్డెందుకని చదువుతూ పోయాను. పేజీ తిప్పేసరికి ఒక వెక్కిలి. కాసేపటికి చాపంతా ఏడుపే. నా గొంతులో ఇంత కరుణ దాగుందా అని నాకే ఒళ్లు గగుర్పొడిచి, తరవాతి పేజీ ఇంకొంచెం వణికించి చదివాను.

పార్వతి పిన్ని వచ్చి నా చేతుల్లోని పుస్తకాన్ని మెల్లగా పిల్లల వైపు తిప్పింది. అప్పుడర్థమైంది. బొమ్మలన్నీ నేనే చూస్తున్నాను. వాళ్లకు కనిపించింది వెనక అట్ట, దాని మీద ధర పక్కనుండే బార్‌కోడ్ నల్ల చారలు. అదే బోను. ఎలుగుబంటిని అందులో పెట్టి మూసేశారనుకున్నారు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాలంటారు పెద్దలు. నేను పండు తినేసి తొక్క చేతిలో పెట్టాను.

బొమ్మ కనిపించగానే పిల్లలు మోకాళ్ల మీద ముందుకొచ్చేశారు. మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందేనన్నారు. చదివాను, ముఖం దాచుకునే వీల్లేకుండా. చివరి పేజీలో నాటిన మొక్కల్ని ఆ పాప వేలితో తడిమింది. “ఇవి పెద్దయ్యేదాకా అది ఎక్కడ తొంగుంటాది?” అది పడుకునే చోటు కోసం నేనూ వంగి ఆ మొక్కల మధ్య వెతికాను. మనవణ్ణి తీసుకెళ్లడానికొచ్చిన కమిటీ పెద్దాయన, వాడు లేవనంటే తానూ చాప మీద కూలబడ్డారు. క్యారమ్ బోర్డు మాట మళ్లీ వినబడలేదు.

మా రాయగడ కొండలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట పుస్తకం చాటున దాక్కుని ఏ ఎలుగుబంటి చోటూ నేను లాక్కోను. సిగ్గుపడాలనిపిస్తే ఇంటికెళ్లి పడతాను. ఈ మాత్రం నోరు విప్పగలుగుతున్నానంటే అది పిన్ని చలవే. ఆ రోజు తల దించుకుని చెప్పులేసుకుంటుంటే, తలుపుకి తాళం వేస్తూ ఆమె అంది:

“వచ్చే ఆదివారం కూడా రా అమ్మి. పుస్తకం తిప్పడానికి నేనుంటాను గదా.”