నాలుగు పడని కీబోర్డు

దసరా మరునాడు జనగామ ఆఫీసుకు వచ్చింది నేనొక్కదాన్నే. మా ఆయన చనిపోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇంట్లో పండుగ లేదు కాబట్టి సెలవు పెట్టాల్సిన పని కూడా లేదు.

మాది పల్లెల్లో పిల్లల చెవులు పరీక్ష చేసే చిన్న సంస్థ. పెద్ద ఆఫీసు జనగామలో ఉంది. మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ఒక్కో గది ఉంది. మూడు చోట్లా కంప్యూటర్లకు ఏమొచ్చినా నాకే ఫోన్ వస్తుంది.

ఆ రోజు ఫోన్ భూపాలపల్లి నుంచి వచ్చింది. అక్కడ పరీక్షలు చేసే అమ్మాయి.

"అక్కా, నా లాప్‌టాప్ తెరుసుకుంటలేదు. పిన్ కొడితే తప్పంటుంది. మళ్ల మళ్ల కొట్టిన. ఇప్పుడు నీలం తెర వచ్చి ఏందో పెద్ద నంబర్ అడుగుతుంది."

"పిన్ మర్చిపోయినవా?"

"నా పుట్టినరోజన్న మర్చిపోత గని పిన్ మర్చిపోనక్కా."

మా లాప్‌టాప్‌లన్నిటికీ లోపలి నుంచి తాళం ఉంటుంది. పిల్లల వివరాలు బయటికి పోకూడదని డిస్క్ మీద ఉన్నదంతా ఎవరూ చదవలేని రూపంలోకి మార్చి ఉంచుతాం. పిన్ కొడితేనే అది మళ్ళీ మామూలు అక్షరాలవుతుంది. పిన్ చాలాసార్లు తప్పితే యంత్రం ఇక పిన్ ఒప్పుకోదు. రికవరీ కీ అనే పొడవాటి సంఖ్య అడుగుతుంది. ఆ సంఖ్య నా కంప్యూటర్‌లో కనిపిస్తుంది. దానితోనూ తెరుచుకోకపోతే డిస్క్ తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

"లోపల ఏమున్నయి?" అని అడిగాను.

ఆమె చెప్పింది. కాటారం చుట్టుపక్కల ఊళ్లలో చేసిన పరీక్షలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఊళ్లలో సిగ్నల్ లేదు. తిరిగి తిరిగి ఆఫీసుకు చేరేసరికి అందరూ పండుగకు బయల్దేరుతున్నారు. పండుగ తర్వాత పంపుదామనుకుంది.

"చెవి మిషన్లోళ్లు ఎల్లుండి కాటారం వస్తున్నరక్కా. ఎవరికి ఎంత వినవడుతుందో ఇయ్యాల సాయంత్రం వరకు పంపాలె. లేకుంటే ఉత్త చేతులతోటి వస్తరు. మళ్ల పరీక్ష చేద్దామంటే పత్తి ఏరుడు మొదలైంది. ఎవరు తోలుకొస్తరు పిల్లలను?"

ఒక పిల్ల సంగతి ప్రత్యేకంగా చెప్పింది. బడిలో మొద్దు అని వెనక కూర్చోబెట్టారట. "అది మొద్దు కాదు. దానికి వినవడదు, అంతే. వాళ్లమ్మకు మాటిచ్చిన అక్కా, దసరా ఎల్లంగనే మిషన్ వస్తదని."

మా ఇద్దరి మీదా ఉన్న సారు మహబూబాబాద్‌లో ఉంటారు. ఆయనకు ఫోన్ కలిపాను. పండుగ భోజనం మత్తు ఇంకా గొంతులోనే ఉంది.

"ఇంత పరేషాన్ ఎందుకమ్మా? లాప్‌టాప్ నా దగ్గరికి పంపిచ్చున్రి. గుండు కొట్టిచ్చి కొత్తగ చేసిత్త."

"గుండు కొట్టిస్తే పరీక్షలు పోతయి సార్."

"పోతే మళ్ల చేసుకోవచ్చు. సరే, జర చూడున్రి. సాయంత్రం దాక కాకుంటే బస్సుకెయ్యున్రి."

సంఖ్య చెప్పే ముందు మాకొక నియమం ఉంది. అడిగిన మనిషి ముఖం, యంత్రం వీడియోలో చూడాలి. ఆమె వీడియో పెట్టింది. ముఖం చూపించింది. లాప్‌టాప్ చూపించమంటే ఒక్క నిమిషం అని చెప్పి, చున్నీ అంచుతో దాని మూత గబగబా తుడిచింది. మూలన పసుపు మరక కొంచెం మిగిలింది. నేను చూశాను. అది అయ్యాక వీడియో ఆపి మామూలు కాల్‌కు మారాం.

రికవరీ కీలో ఆరేసి అంకెలు ఒక గుంపు. గుంపు తప్పు పడితే యంత్రం ముందుకు పోనివ్వదు. మొదటి గుంపు చదివాను. పడింది. రెండోది చదివాను. తప్పంది. నెమ్మదిగా మళ్ళీ చదివాను. మళ్ళీ తప్పంది.

"అక్కా, నీ నోటిది తప్పా, నా చేతిది తప్పా?"

"సిగ్నల్‌ది తప్పనుకుందాం. మనిద్దరం మంచోళ్లమే. ఇప్పుడు ఒక్కో అంకె నొక్కి, తెర మీద ఏం పడ్డదో చూసి చెప్పు."

"ఎనిమిది... పడ్డది. రెండు... పడ్డది. నాలుగు..." ఆగింది. "నాలుగు పడలే."

ఆమె పిన్‌లో కూడా నాలుగు ఉందట. పిన్ ఎందుకు తప్పుతోందో అప్పుడు తెలిసింది. ఆమె కీల వైపు చూస్తూ కొట్టేది, తెర వైపు చూడలేదు. వేరే కీబోర్డు తెప్పిద్దామంటే భూపాలపల్లిలో ఆ రోజు దుకాణాలు తెరవలేదు.

"కీల మీద ఏమన్నా పడ్డదా? చాయ్? నీళ్లు?"

"ఏం పడలేదక్కా."

"బాగ యాది చేసుకో."

"ఏం లేదక్కా. పోనీ, సారు చెప్పినట్టు బస్సుకెయ్యాల్నా?"

వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. ఆఫీసు ఊడ్చే అవ్వ. "గదేంది పిల్లా, పండుగకు ముందురోజు పొద్దుగూకంగ పూజ జేసి నీళ్లు సల్లితిమి, అచ్చింతలేస్తిమి. ఏం పడలేదంటవు?"

"ఊకో అవ్వా!" అని అమ్మాయి ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి అడ్డం పెట్టినా వినిపించింది. "అక్క ముందట గా మాటలనొద్దు."

ఆయన పోయాక దుఃఖం గురించి చాలా పుస్తకాలు చదివాను. వాటిలో నాకు పనికొచ్చిన మాటలు కొన్నే. నేను గదిలోకి రాగానే అక్కడి మాట మారిపోతుందని ఏ పుస్తకంలోనూ లేదు. పక్కింటివాళ్లు బతుకమ్మ పూలు తెచ్చుకుంటూ నన్ను చూసి పళ్లెం చున్నీ కింద పెట్టుకున్నారు. అందులో చెడ్డతనం లేదు. నా మనసు నొస్తుందేమోనని భయం, అంతే. ఈ అమ్మాయిదీ అదే భయం. పసుపు కుంకుమ మాట నా చెవిన పడకూడదని ఆమె ఆ పిల్లల పరీక్షలను కూడా బస్సెక్కించడానికి సిద్ధపడింది.

"చెయ్యి తియ్యి, అంతా వినవడుతుంది," అన్నాను.

"నీకు చెప్పబుద్ధి కాలేదక్కా. అన్ని యంత్రాలకు పూజ జేసినం. అందరు తలా గిన్ని అక్షింతలేసిన్రు. పసుపు కుంకుమ మాట నీతోటి ఎట్లనాలె?"

"నోటితోటే అనాలె. వింటే నాకేం గాదు. నాలుగు కింద ఇరికిన అక్షింత గింజకు నా సంగతి తెల్వదు బిడ్డా, ముందు దాన్ని తియ్యి."

ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. లాప్‌టాప్ ఆపించి, తలకిందులు చేసి మెల్లగా తట్టమన్నాను. రెండు మూడు గింజలు రాలాయి. నాలుగు కింద ఉన్నది మాత్రం నీళ్లకు నాని అతుక్కుపోయింది. చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసి, కీ అంచు నుంచి కొంచెం కొంచెంగా లాగింది. అవ్వ పక్కన నిలబడి, "కన్నుల నలుసు తీసినట్టు తియ్యి, కస్సున పొడువకు" అంటోంది.

"వచ్చింది! అక్కా, వచ్చింది!"

మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఒక్కో గుంపు పడుతూ వచ్చింది. చివరి గుంపు కూడా పడింది. యంత్రం తీరిగ్గా ఆలోచించుకుని తెరుచుకుంది.

"ఉన్నయా?"

"ఉన్నయక్కా. అన్నీ ఉన్నయి."

పంపడం మొదలుపెట్టింది. అక్కడి నెట్ నెమ్మది. ఎంత పోయిందో చూపే గీత కదులుతూ ఆగుతూ పోతోందట. "ఫోన్ పెట్టకక్కా, మధ్యల ఆగిపోతే నాకు భయమైతది" అంది. నాకూ పెట్టాలని లేదు.

"అందాక పండుగ ఎట్ల చేసుకున్నవో చెప్పు," అన్నాను.

మొదట పొడి మాటలు చెప్పింది. బాగానే చేసుకున్నాం అక్కా, అంతే. ఏం వండారని అడిగాను. మక్కగారెలు. ఎవరు చేశారు? వాళ్ల నాయిన. అక్కడి నుంచి గొంతు తేలికైంది. రుబ్బురోలు దగ్గర వాళ్ల నాయిన మిరపకాయలెక్కువేసి అందరి కళ్ల నీళ్లూ తెప్పించాడట. జమ్మి ఆకు పట్టుకుని ఊరంతా తిరిగారట. పాలపిట్ట కోసం చూస్తే కాకి కనబడిందట, తమ్ముడు అదే పాలపిట్టని అందరితోనూ దండం పెట్టించాడట. నేను నవ్వాను. ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి నా నవ్వు నాకే గట్టిగా వినిపించింది.

"అక్కా, పోయినయి. అన్నీ మిషన్లోళ్లకు పోయినయి."

కొంతసేపటికి మిషన్లవాళ్ల జవాబు వచ్చింది. చదివి వినిపించింది. వెనక కూర్చోబెట్టిన ఆ పిల్లకు రెండు చెవులకూ మిషన్లు తెస్తున్నారు.

"వాళ్లమ్మకు ఫోన్ జేస్తనక్కా. నీకు పనున్నదేమో, ఇగ పెట్టేస్త."

"వాళ్లమ్మకు చేసినంక మళ్ల చెయ్యి," అన్నాను. "కాకికి దండం పెట్టినంక ఏమైందో చెప్పనే లేదు."