కలెక్టరమ్మ వెనకాల ఒక పూట

"అమ్మా, పాలల్ల బంతిపూల వాసనొస్తున్నది" అని మా చిన్నోడు గ్లాసు కింద పెట్టగానే నేను దాన్ని లాక్కుని వాసన చూశాను. ఆ రోజుల్లో నేను భయపడటానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. బోటనీలో డిగ్రీ, ఇద్దరు చిన్నపిల్లలు, చేతిలో ఫోను, ఈ మూడూ ఒకే మనిషి దగ్గర చేరితే ఆ ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా తిని లేవరు. పురుగుమందంతా తొక్కలోనే ఉంటుందని ఎక్కడో చదివి, బీరకాయను పెన్సిలంత సన్నమయ్యేదాకా చెక్కేదాన్ని. (మిగిలిన కూర ఇద్దరికి కూడా సరిపోయేది కాదు. మా ఆయన పాపం పెరుగన్నం తిని లేచేవాడు.) అన్నం ముద్ద చూస్తే మూతి తిప్పే చిన్నోడికి మాత్రం ఆ రెండు గ్లాసుల పాలే ఆధారం. ప్యాకెట్ పాలు పోస్తే గ్లాసుతో సహా విసిరికొట్టేవాడు. అవి పురానాపూల్ బ్రిడ్జి అవతల పాలతాత కొట్టంలోని బర్రె పాలు. ఎంత ట్రాఫిక్ ఉన్నా తల తిప్పకుండా రోడ్డు మధ్యలో నడుస్తుందని గల్లీ అంతా ఆ బర్రెను కలెక్టరమ్మ అనేవాళ్లు.

"పారేసిన పూలు తిన్నదేమో అత్తమ్మా. పూల తోటలకు ఎంత మందు కొడతరో తెలుసా?" అన్నాను.

"బర్రె పూలు తినక బిర్యానీ తింటదా?" అంది మా అత్తమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూనే.

గుడికి పోయొస్తానని చెప్పి, ముఖానికి చున్నీ చుట్టుకుని, ఒక నోటుబుక్కు పట్టుకుని కలెక్టరమ్మ వెనకాల బయల్దేరాను. నా అనుమానం నిజమే. గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చి అమ్మే బండాయన నిన్నటి బంతిదండలు దాని ముందు పడేశాడు. తర్వాత అది ఎవరిదో పెళ్లికార్డు నమిలింది. (పెళ్లికొడుకు పేరు దాకా తినేసి ముహూర్తం వదిలేసింది.) అక్కడి నుంచి మూసీ ఒడ్డుకు దిగి, మురుగునీళ్లతో ఏపుగా పెరిగిన గడ్డిలో మూతి పెట్టింది. ఇక ఆగలేక, ఉప్పునీళ్లలో మూడుసార్లు కడిగి తెచ్చిన క్యారెట్టు దాని ముందు పట్టుకుని "ఇది తిను తల్లీ, అది మంచిది కాదు" అని బతిమాలాను. కలెక్టరమ్మ నన్ను అచ్చం మా అత్తమ్మ చూసినట్టే చూసి, క్యారెట్టు తిని, మళ్లీ గడ్డిలోనే మూతి పెట్టింది.

తిరుగుదారిలో బ్రిడ్జి మధ్యకు వచ్చాక దానికి ఆలోచన వచ్చినట్టుంది, నిలబడిపోయింది. వెనక హారన్లు మోగిపోతున్నాయి.

"అరే బాజీ, అప్నీ భైంస్ హటావ్ నా!" అని ఒక ఆటో ఆయన నామీద అరిచాడు.

"నా బర్రె కాదు భాయ్!"

"మరి దాని ఎన్కాల ఎందుకు తిరుగుతున్నవ్?"

నేను నోటుబుక్కును చున్నీ కింద దాచాను. ఇంతలో ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. "బర్రె మీదేనా మేడం?"

"కాదు సార్. మా పిల్లలు దాని పాలు తాగుతరు, గంతే."

"పాలు తాగితే మీదే గద! తీస్కపోండి" అని పలుపు నా చేతిలో పెట్టాడు.

నేను దాన్ని తీసుకుపోయానో, అదే నన్ను లాక్కుపోయిందో గాని, నేరుగా మా గల్లీ చివరి చెత్తకుప్ప దగ్గరే ఆగింది. అన్ని కవర్లనూ మూతితో పక్కకు నెట్టి, ఒక నీలం కవరు ఏరుకుంది. దానికి రెండు ముడులున్నాయి. గల్లీలో రెండు ముడులు వేసేది నేనొక్కదాన్నే. మందు ఉందని నా పిల్లలకు పెట్టకుండా పొద్దున చెక్కి పారేసిన బీరపొట్టును, కవరుతో సహా, రేపటి పాల కోసం కలెక్టరమ్మ నమలసాగింది.

ఒక కొస అది పట్టుకుంటే, ఇంకో కొస నేను పట్టుకుని గుంజాను. అప్పుడే బర్రెను వెతుక్కుంటూ పాలతాత వచ్చాడు.

"ఏంది బిడ్డా, నా బర్రె నోట్లది గుంజుకుంటున్నవ్? ఆకలైతే ఇంటికి రా, ఇంత జావ పోస్త."

నేను విషయమంతా చెప్పాను. తాత నవ్వలేదు. బర్రె దవడ పట్టుకుని, నోట్లో చెయ్యి పెట్టి కవరు బయటికి లాగాడు. "మీ ఇంటి పొట్టంటే దీనికి పానం. మీ ముడిని దూరం నుంచే గుర్తువడ్తది. పోయినేడు ఒక దూడ గిట్లనే కవర్ మింగి సచ్చిపాయె. నీకు పాల ఫికర్, నాకు కవర్ల ఫికర్."

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలోనే ఉంది. "గుడికి పోతే నెత్తిల బీరపొట్టు ఏంది?"

"ప్రసాదం అత్తమ్మా" అన్నాను.

ఆ నోటుబుక్కు మొన్న పిల్లల పుస్తకాల్లో దొరికింది. బంతిదండ, పెళ్లికార్డు, మురుగుగడ్డి అని వరుసగా రాసి, చివర నా చేతిరాతతోనే 'మా ఇంటి పొట్టు' అని ఉంది. లోకమంతా విషం కలుపుతుంటే తానొక్కతే కాపలా కాస్తున్నానని నమ్మిన ఆ చున్నీ మనిషిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. అలాగని నా భయమేం పోలేదు. పాలకూర కట్ట ఇప్పటికీ నాలుగు నీళ్లు చూడాల్సిందే.

ఆ కవరు గుంజులాట జరిగిన మరునాడు పొద్దున వంటింట్లో ఒక బుట్ట పెట్టి పిల్లలిద్దరినీ పిలిచాను. "ఇయ్యాల్టి నుంచి పొట్టు కవర్ల కట్టొద్దు. కూరగాయలు మంచిగ కడిగినంకనే చెక్కాలె, పొట్టు ఈ బుట్టల వెయ్యాలె. తాతొచ్చి తీస్కపోతడు" అన్నాను.

"బర్రె కోసం గూడ కడగాల్నా? అది మనదా ఏంది?" అంది పెద్దది.

"పాలు తాగితే మనదే గద బిడ్డా" అన్నాను.